మచ్చిక ఒకనాటిది, మేత ఏడాదిది

మన భాషలో పశువును మనిషికి దగ్గర చేసే పనికి మంచి మంచి మాటలున్నాయి. మచ్చిక అంటాం, మాలిమి అంటాం. కోడెను అరకకు అలవాటు చేయటాన్ని పల్లెటూళ్ళలో కాడి మరపడం అంటారు. ఈ చివరి మాట నాకెంతో ఇష్టం. మరపడం అంటే నేర్పడమూ అవుతుంది, మరిచిపోయేలా చేయడమూ అవుతుంది. కోడె తన ఇష్టప్రకారం గంతులు వేయడం మరిచిపోతేగాని కాడి కిందికి మెడ వంచదు గదా!

ఈ మాటలన్నీ నాకు జ్ఞాపకం రావడానికి కారణం ఏ గ్రంథమూ కాదు, ఒక కంప్యూటర్ ఆట. చదువుకోండిరా అని పంపిస్తే వీడు ఆటల గురించి వ్యాసం రాస్తున్నాడేమిటని మా లెక్చరర్లు నొసలు చిట్లించవచ్చు. కాని మన హాస్టల్లో ఏ గది తలుపు తట్టినా ఏదో ఒక ఆట నడుస్తూనే ఉంటుంది. నడుస్తున్నదాన్ని గురించి నాలుగు మాటలు ఆలోచించడంలో తప్పులేదనుకుంటాను.

ఆ ఆట పేరు రిమ్‌వరల్డ్. లూడియన్ స్టూడియోస్ అనే చిన్న సంస్థ తయారుచేసింది. రూపకర్త టైనన్ సిల్వెస్టర్. 2013 నుంచి అసంపూర్ణ రూపంలో జనంలో తిరిగి, 2018 అక్టోబరులో పూర్తిరూపం దాల్చింది. కథ ఏమంత పెద్దది కాదు. ఆకాశనౌక కూలిపోయి ముగ్గురు మనుషులు దిక్కూమొక్కూలేని ఒక గ్రహం మీద పడతారు. వాళ్ళచేత ఇళ్ళు కట్టించాలి, పంటలు వేయించాలి, దొంగల దండు వస్తే ఎదిరింపజేయాలి, జబ్బు చేస్తే మందు ఇప్పించాలి. మనం ఎవర్నీ చేత్తో నడిపించం. ఫలానా పని ఫలానావాడిది అని పురమాయించి కూర్చుంటాం. ఒకరకంగా పెద్ద కమతం ఉన్న కాపు పొద్దున్నే అరుగు మీద కూర్చుని పనులు చెప్పడం లాంటిదన్నమాట.

అందులో నన్ను కట్టిపడేసింది యుద్ధాలు కావు, పశువులు. ఆ గ్రహం మీద జింకలున్నాయి, ఏనుగులున్నాయి. మఫలో అనే బొచ్చు జంతువు ఒకటుంది, ఉన్ని ఇస్తుంది, మూటలు మోస్తుంది. బూమలోప్ అని ఇంకొకటి. దాన్ని పితికితే పాలకు బదులు ఇంధనం వస్తుంది, చస్తే బాంబులా పేలుతుంది. ప్రతి జంతువుకూ ఒక అడవితనపు అంకె ఉంటుంది. ఆవుకు సున్నా. త్రంబో అనే ఒంటికొమ్ము మహామృగానికి నూటికి 98.5. పశువుల పనిలో నేర్పున్న మనిషి చేతిలో తిండి పట్టుకుని జంతువు దగ్గరికి వెళతాడు, ఏదో మాట్లాడతాడు, తినిపిస్తాడు. అప్పుడు యంత్రం పాచిక వేస్తుంది. పడితే జంతువు మనది. పడకపోతే రేపు మళ్ళీ ప్రయత్నించాలి. ఒక్కోసారి అది తిరగబడి కుమ్మేస్తుంది కూడాను.

మొదట నవ్వొచ్చింది. మచ్చిక అంటే పాచికలాటా? తరువాత ఆలోచిస్తే ఆ అంకెల్లో కొంత శాస్త్రం లేకపోలేదనిపించింది. ఒక జంతువును మచ్చిక చేయడం వేరు, ఒక జాతిని పెంపుడు జాతిగా మార్చడం వేరు. ఏనుగు ఇందుకు మంచి ఉదాహరణ. వేల ఏళ్ళుగా మనం ఏనుగులెక్కి ఊరేగుతూనే ఉన్నాం. అయినా చాలావరకు అడవిలో పుట్టినదాన్ని పట్టి తెచ్చి లొంగదీసుకున్నవాళ్ళమే గాని, తరతరాలుగా ఇంట్లో ఈనిపించి దాని స్వభావం మార్చినవాళ్ళం కాదు. ఆవు, గేదె అలా కాదు. వేల ఏళ్ళలో ఎన్నో తరాలపాటు, మనిషిని చూసి బెదరని పశువును ఉంచుకుని, కుమ్మేదాన్ని వదిలించుకుంటూ మనవాళ్ళు తయారుచేసిన జాతులవి. సోవియట్ రష్యాలో బెల్యాయెవ్ అనే శాస్త్రవేత్త 1959లో నోవోసిబిర్స్క్ దగ్గర వెండినక్కల మీద ఈ ప్రయోగమే మొదలుపెట్టాడు. తరం తరంలో కాస్త సౌమ్యంగా ఉన్నవాటినే ఏరి జత కట్టిస్తూ పోతే, కొద్ది తరాలకే తోక ఊపుతూ మనుషుల దగ్గరికి వచ్చే నక్కపిల్లలు పుట్టుకొచ్చాయి. కనుక ఆటలో ఆవు పక్కన కనిపించే ఆ సున్నా ఊరికే వచ్చిన సున్నా కాదు. దాని వెనుక పేర్లు తెలియని ఎందరో పశుకాపరుల శ్రమ ఉంది.

మాది సత్తెనపల్లి. ఊరి చివర మా ఇంటి వెనక రేకుల కొట్టం, అందులో రెండు పాడిగేదెలు, ఒక పడ్డ. వాటి యాజమాన్యం అంతా మా నాయనమ్మది. సెలవులకు ఇంటికి వెళ్ళి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ఒకరోజు వచ్చి నా వెనక నిలబడింది.

"ఏందిరా అది, పొద్దస్తమానం దాంట్లోకే చూస్తన్నావు?"

"గొడ్లు నాయనమ్మా. మేపుతున్నా."

"ఇంట్లో గొడ్లుండంగా అందులో ఏంది మేపేది?"

సమాధానం లేక తెర చూపించాను. కంచె, అందులో ఆవులు, పక్కన గడ్డి. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. ఒక మనిషి వచ్చి ఆవు పాలు పితికి వెళ్ళాడు. కాసేపటికి ఇంకొకడు వచ్చి పక్క ఆవును పితికాడు.

"రోజుకొకడు పితుకుతాడా?" అంది.

"ఎవడు ఖాళీగా ఉంటే వాడు."

"అట్టయితే అవి గొడ్లు కాదురా" అని తేల్చేసి వెళ్ళిపోయింది.

ఆ మాట విలువ పాడి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకి తెలుస్తుంది. గేదె చేపాలి. పొదుగునిండా పాలున్నా అది చేపకపోతే గిన్నెలోకి చుక్క రాలదు. దూడను వదిలి నాలుగు గుక్కలు తాగనిచ్చి, మళ్ళీ దాన్ని కట్టేసి, పొదుగు కడిగి, నిమురుతూ నిమురుతూ కూర్చుంటే అప్పుడు చన్నుల్లోకి పాలు దిగుతాయి. శాస్త్రం చెప్పేదీ ఇదే. దూడ నోరు, అలవాటైన చెయ్యి తగిలితే గేదె మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది, అదే పాలను కిందికి దించుతుంది. బెదిరితే ఆ పని ఆగిపోతుంది. ఆవుకంటే గేదెకు ఈ పట్టింపు ఎక్కువ. ఎందుకంటే గేదె పాలలో అత్యధిక భాగం పొదుగు పైభాగంలోని సన్నటి తిత్తుల్లోనే ఉండిపోతుంది, చేపితేగాని కిందికి రాదు. కొందరు అంత ఓపిక లేక ఆ హార్మోను సూదే పొడిచి పిండేస్తారు. మా నాయనమ్మ దృష్టిలో అది దొంగతనం.

మా పెద్ద గేదె ఆమెకు తప్ప ఎవరికీ చేపదు. అమ్మ కూర్చుంటే ఒక కాలు ఎత్తి పెట్టుకుంటుంది. నాన్న కూర్చుంటే అసలు నిలవదు. ఈ కారణం చేత మా నాయనమ్మ గత పదేళ్ళలో ఒక్క రాత్రి కూడా పొరుగూళ్ళో పడుకోలేదు. నరసరావుపేటలో మా మేనత్త కూతురి పెళ్ళికి వచ్చి, తాళి కట్టగానే అక్షింతలు వేసి, విస్తట్లో ఇంకా పెరుగు పడకముందే లేచి బస్సెక్కింది. సాయంత్రం పాలవేళకు కొట్టంలో ఉండాలిగా! ఎవరు ఎవర్ని మచ్చిక చేశారో చెప్పండి చూద్దాం. మనం గేదెను గుంజకు కట్టాం అనుకుంటాం. ఆ తలుగు రెండో కొస మా నాయనమ్మ కాలికి కట్టి ఉందని నాకనిపిస్తుంది.

అయితే ఆ ఆటను ఒక్క విషయంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. అది మేత విషయం. జంతువుల్ని మచ్చిక చేసుకోవడం మొదట్లో భలే సరదాగా ఉంటుంది. మా హాస్టల్ మిత్రుడొకడు కనిపించినదాన్నల్లా మచ్చిక చేసి ఇరవై ముప్ఫై జంతువుల మందను తయారుచేశాడు. అందరికీ పిలిచి చూపించుకున్నాడు. ఆ గ్రహం మీద ఏడాదికి 60 రోజులే. చూస్తుండగానే చలికాలం వచ్చి పడింది, నేలమీద గడ్డి చచ్చిపోయింది. గాదెలో ఉన్న ధాన్యం పశువులకు పెడితే మనుషులు మాడాలి, మనుషులు తింటే పశువులు చావాలి. వారం తిరగకుండా మంద పడిపోయింది. ఆనాటి నుంచి వాడికి తెలిసివచ్చిన సూత్రం ఏమిటంటే, మందను లెక్కపెట్టే ముందు గడ్డివామును లెక్కపెట్టాలి.

మన పల్నాటికి ఆ చలికాలం లేదు గాని ఎండాకాలం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో బయట పచ్చగా కనిపించేది వేపచెట్టొక్కటే. పాడిగేదెకు రోజుకు ఎనిమిది కిలోల ఎండుగడ్డి అనుకున్నా ఏడాదికి దాదాపు మూడు టన్నులు కావాలి. పచ్చిమేత, తవుడు, చెక్క, పత్తిగింజలు, కుడితి ఇవన్నీ వేరే. మా తాతల కాలంలో మెట్టపొలాల జొన్నచొప్పే గొడ్లకు ఆధారం. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్ళు వదిలారు. దాన్నే జవహర్ కాలువ అంటారు. మాగాణి పెరిగి వరిగడ్డి వాములు లేచాయి. తరువాత పత్తి వచ్చింది, మిరప వచ్చింది. రైతు చేతికి డబ్బు తెచ్చే పంటలే, కాదనను. కాని పత్తికట్టె, మిరపకట్టె పొయ్యిలోకి పనికొస్తాయిగాని గాడిలోకి పనికిరావు. పొలంలో ఏ పంట వేయాలో నిర్ణయించినప్పుడే కొట్టంలో ఎన్ని పశువులుండాలో కూడా నిర్ణయమైపోతుందని, ఈ సంగతి మనకు తెలియకుండానే జరిగిపోయిందని నాకు ఆట ఆడుతున్నప్పుడు తట్టింది. అందులో చలికాలానికి ముందే గడ్డి మడి ఒకటి విడిగా వేసుకోవాలి. మా పొలంలో ఆ మడి ఎప్పుడో మిరపతోట అయింది. గడ్డి ఇప్పుడు కొనుక్కుంటున్నాం.

ఆటలో ఇంకో సదుపాయం ఉంది. కంచె బయట గడ్డి ఎవరిదీ కాదు, ఎంతయినా మేపుకోవచ్చు. మా ప్రాంతపు చరిత్ర తెలిసినవాడికి ఇక్కడ గుండె కలుక్కుమంటుంది. బ్రిటిషు ప్రభుత్వం 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చి అడవుల్ని తన అధీనంలోకి తీసుకుంది. తరతరాలుగా తమ గొడ్లు మేసిన గడ్డికి పల్నాటి రైతులు పుల్లరి కట్టాల్సి వచ్చింది. పుల్లరి చీటీ లేని పశువు బందెలదొడ్డికి పోయేది. మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు 1921-22లో జనాన్ని కూడగట్టి పుల్లరి కట్టం పొమ్మన్నాడు. 1922 ఫిబ్రవరిలో పోలీసు తుపాకులకు బలయ్యాడు. దేశంలో ఉప్పుకోసం సత్యాగ్రహం జరిగిందని అందరికీ తెలుసు. అంతకు ఎనిమిదేళ్ళ ముందే మా పల్నాట్లో గడ్డికోసం ప్రాణం ఇచ్చినవాడున్నాడు. పశువును పెంచడమంటే గడ్డి ఎవరిది అని అడగడం కూడా. ఆటలో ఆ ప్రశ్న లేదు, అందుకే అది ఆట.

అలాగని ఆటలోని కంచెను చూసి చులకన చేయలేను. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అనే ఊరుంది. అక్కడి బూడిద దిబ్బను ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు 1957లో తవ్వించాడు. తవ్వితే తేలిందేమంటే, అది నాలుగువేల ఏళ్ళకు పూర్వపు కొత్త రాతియుగంవాళ్ళ పశువుల దొడ్డి. దుంగలు పాతిన గుంటలు బయటపడ్డాయి. ఏళ్ళ తరబడి పేరుకున్న పేడను తగలబెడుతూ వచ్చారు, ఆ బూడిదే దిబ్బయింది. వాటి గిట్టల గుర్తులు సైతం ఆ నేలలో అచ్చుపడి దొరికాయి. ఆల్చిన్ ఆ సంగతులతో 1963లో ఒక పుస్తకమే వేశాడు. రాజుల కోటలు కూలిపోయాయి, శాసనాలు అరిగిపోయాయి గాని, ఒక సాయంత్రం దొడ్డిలోకి తోలిన గొడ్ల గిట్టల జాడ ఇంతకాలం నిలిచింది. ఆ గొడ్లను తోలుకొచ్చినవాళ్ళు కూడా మా నాయనమ్మ లాగే పొద్దుగూకేసరికి లెక్క చూసుకుని ఉంటారు.

ఇక చెప్పడానికి మనస్కరించని విషయం ఒకటుంది. 2021లో ఆ ఆటలో కొత్త సదుపాయం పెట్టారు. మగవి ఇన్ని, ఆడవి ఇన్ని అని మనం అంకె వేస్తే చాలు, మించినవాటిని మన మనుషులు తమంతట తామే కోసేస్తారు. మొదటిసారి ఆ పట్టిక చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది. ఎంత కర్కశం అనుకున్నాను. ఆ రాత్రి నిద్రపట్టక మా కొట్టం గుర్తుచేసుకున్నాను. మా ఇంట్లో గేదె ఈనినప్పుడల్లా నాన్న అడిగే మొదటి ప్రశ్న "పెయ్యా, దున్నా?" అని. పెయ్యదూడ అయితే జున్ను తియ్యగా ఉంటుంది. దున్నదూడ అయితే ఇల్లు కాస్త నిశ్శబ్దమవుతుంది. ట్రాక్టర్లు వచ్చాక దున్నపోతుతో పనేముంది? దానికి వదిలే పాలు తగ్గుతాయి. చేపడానికి అవసరమైనంతకాలం ఉంటుంది, ఆ తరువాత ఒకనాడు ఉండదు. ఎక్కడికి పోయిందని ఎవరూ అడగరు. మన పల్లెల్లో చాలా ఇళ్ళలో ఇదే తంతు. మనం పట్టిక రాసుకోం, అంతే తేడా. ఆట దాన్ని అంకెల్లో పెట్టి మన ముందుంచింది. అంకె చూసి జలదరించినవాడికి ఇంట్లో జరిగేది కనిపించకపోతే ఆ జలదరింపుకు విలువేముంది?

పోయిన వేసవిలో మా ఇంట్లోనూ ఒక పట్టిక మీద వాదన జరిగింది. గడ్డి ధర పెరిగింది, నాయనమ్మకు మోకాళ్ళు వంగడం లేదు, నేనేమో ఇక్కడ. మూడింటినీ అమ్మేద్దామని నాన్న అన్నాడు. ఆయన మాట అన్యాయమని నేననలేను. కాగితం మీద వేసి చూస్తే పాలకేంద్రంలో వెన్నశాతం చూసి ఇచ్చే డబ్బు, గడ్డికి, దాణాకు సరిపోతుంది. మనిషి కష్టానికి కూలి కడితే నష్టమే. నాయనమ్మ లెక్కల జోలికి పోలేదు. "నా కూలి నిన్నెవడు అడిగాడురా?" అంది. దానికి నాన్న దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. చివరికి మధ్యేమార్గంగా పెద్ద గేదెను అమ్మి మిగిలిన రెండూ ఉంచుకోవాలని తేలింది.

కొన్నవాళ్ళు పక్క పల్లెవాళ్ళు. బేరం కుదిరి, డబ్బు చేతులు మారాక నాయనమ్మ ఒకే ఒక ప్రశ్న వేసింది. "మీ ఇంట్లో పితికేది ఎవరు?" కోడలని చెప్పారు. "అయితే ఆ పిల్లను రెండు రోజులు ఇక్కడికి పంపించండి" అంది. మా నాన్న నవ్వాడు గాని వాళ్ళు నవ్వలేదు, పాడి తెలిసినవాళ్ళు కనుక. ఆ అమ్మాయి వచ్చింది. మొదటిపూట నాయనమ్మ పక్కన ఊరికే కూర్చుంది. రెండోపూట నాయనమ్మ చేతిమీద చెయ్యివేసి పితికింది. నాలుగోపూటకు నాయనమ్మ లేచి గుంజ దగ్గర నిలబడి గేదె మెడ నిమురుతుంటే, ఆ అమ్మాయి ఒక్కతే కూర్చుంది. కొంచెంసేపు గేదె తోక విసిరింది, వెనక్కి తిరిగి చూసింది. ఆ తరువాత గిన్నెలో ధార మోగింది. నేను ఆటలో ఎన్నో జంతువుల్ని మచ్చిక చేశాను గాని, ఒకరి మాలిమి ఇంకొకరికి అప్పగించడం అనే పనిని అప్పుడే చూశాను. తోలుకెళ్ళేటప్పుడు తలుగు మాత్రం ఇవ్వలేదు. వాళ్ళు కొత్తది తెచ్చుకున్నారు. పాతది కొట్టంలో చిలక్కొయ్యకు వేలాడుతోంది.

మిగిలిన పడ్డ ఇప్పుడు చూడితో ఉంది. అది పుట్టినప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం. ఈనేసరికి నా డిగ్రీ ముగింపుకొస్తుంది. గేదె చూడి పది నెలలు దాటి నడుస్తుంది, పెయ్యదూడ పుట్టి పాలిచ్చేదాకా దాదాపు నాలుగేళ్ళు. ఆటలో గడియారాన్ని మూడింతలు వేగంగా తిప్పే మీట ఉంది. కొట్టంలో అటువంటి మీట లేదు. చదువు మనకు చాలా మీటలు ఇచ్చింది. వేగంగా చేయడం నేర్పింది. పశువు దగ్గర మాత్రం దాని కాలం ప్రకారమే మనం నడవాలి. ఇది వెనుకబాటుతనమని అనేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఇదొక విద్యలాగానే కనిపిస్తుంది, పరీక్షలు లేనిది, సెలవులు అసలే లేనిది.

ఆ విద్య మా ఇంట్లో ఎన్నాళ్ళుంటుందో నేను చెప్పలేను. ఉద్యోగం ఎక్కడ వస్తే అక్కడికి పోవాల్సినవాణ్ణే. అందరం తిరిగి పల్లెలకు పోయి గేదెలు కాయాలని ఉపన్యాసం ఇచ్చే అర్హత నాకు లేదు. కాని మన కాలేజీలో పాల ప్యాకెట్టు కత్తిరించి టీ కాచుకునే మిత్రులకు ఒక్క మాట. ఆ ప్యాకెట్టులోకి వచ్చిన పాలు ఎక్కడో ఒక చేతికి చేపినవి. ఆ చెయ్యి పెళ్ళిభోజనం మధ్యలో లేచి వచ్చిన చెయ్యి అయివుండవచ్చు. పాలకు మనం ఇస్తున్న ధరలో ఆ చేతికి కూలి ఉందో లేదో, మా నాన్న కాగితం మీద లెక్క వేసినట్టు, మీరూ ఒకసారి వేసి చూడండి. అర్థశాస్త్రం చదివే మిత్రులు ఆ లెక్క నాకంటే బాగా వేయగలరు.

ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పడ్డ పక్కన కూర్చోవడం మొదలుపెట్టమని నాయనమ్మ చెప్పి పంపింది. అది ఈనేనాటికి నా చెయ్యి దానికి కొత్త కాకూడదట.